కోత ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

విజయవాడలో మీ కాలేజీవాళ్లు అమెరికా లోటు తగ్గింపు కమిటీ చర్చను నాటకంలా నడుపుతున్నారనీ, నీకు రిపబ్లికన్ల వైపు కుర్చీ వచ్చిందనీ మీ నాన్న చెప్పాడు. సైన్యం ఖర్చులో చిల్లిగవ్వ కూడా వదలనని ఉపన్యాసం రాసుకున్నావట. అది పక్కన పెట్టి ముందు పద్దులు చూడు.

2011లో ఆ బల్ల చుట్టూ పార్టీకి ఆరుగురు చొప్పున పన్నెండుమంది కూర్చున్నారు. పదేళ్లలో కనీసం 1.2 లక్షల కోట్ల డాలర్ల లోటు తగ్గే దారి చూపాలి. లేకపోతే కోత దానంతటదే పడుతుంది, అందులో సగం రక్షణ మీద. ఆ భయానికైనా దిగివస్తారనుకున్నారు. కానీ కోత మొదలవ్వాల్సింది 2013 జనవరిలో. మధ్యలో అధ్యక్ష ఎన్నికలున్నాయి. గెలిచాక చూసుకుందామని ఎవరి లెక్కలు వారు వేసుకున్నారు. నవంబరు 21న చేతులెత్తేశారు. కాబట్టి గడువు చూపించి ఎదుటివాళ్లను బెదిరించే పని పెట్టుకోకు.

పైగా పేచీ ముదిరింది రక్షణ దగ్గర కాదు. పన్నుల రాబడి పెరగనిదే మెడికేర్, అంటే వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, జోలికి రానివ్వమని డెమోక్రాట్లు, రేట్లు పెంచేది లేదని మీవాళ్లు. మీ పక్షానికే చెందిన పాట్ టూమీ, రేట్లు తగ్గించి మినహాయింపులు కత్తిరిస్తే రాబడి వస్తుందని ఒక దారి చూపాడు. దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లు. మొదటి గంటలోనే బయటికి తీయకు.

ఇక అసలు సంగతి. జనవరి నుంచి రెండు నెలలు వాయిదా పడినా, 2013 మార్చి 1న కోత పడనే పడింది. సైనికుల జీతాలను మినహాయించారు. దాంతో భారం మిగతా పద్దుల మీద, ముఖ్యంగా శిక్షణ మీద, మరమ్మతుల మీద పడింది. కొన్ని యుద్ధవిమాన స్క్వాడ్రన్లు ఎగరడం మానేశాయి. లక్షలమంది పౌర ఉద్యోగులను ఆరు రోజులు జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో పొదుపు ఉత్తర్వు వచ్చిందంటే ముందు ఎగిరిపోయేది మరమ్మతుల పద్దే. డ్రైవరుకు జీతం ఉండేది, జీపుకు టైర్లు ఉండేవి కావు.

అందుకే వదులుకోగలిగినవాటి పేర్లు నువ్వే ముందు రాసుకో. అక్కరలేని స్థావరాలతో మొదలుపెట్టు. 2012లో స్థావరాలు మూద్దామని రక్షణ శాఖే అడిగితే కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, ఒప్పుకోలేదు. ప్రతి స్థావరమూ ఎవరో ఒకరి నియోజకవర్గంలోనే ఉంటుంది మరి! మీ ఆట 2011లో కనుక ఈ మాట పైకి అనకూడదు, తెలిసి ఉంటే చాలు. విదేశీ యుద్ధాల ఖర్చు, చట్టం ఖర్చులకు పెట్టిన పరిమితుల బయట ఉందనీ మరచిపోకు. తరవాతి ఏళ్లలో మామూలు ఖర్చులు కూడా ఆ పద్దులోకే చేరాయి. దానికీ హద్దు కావాలని డెమోక్రాట్లు అడిగితే తడుముకోకుండా చెప్పడానికి జవాబు సిద్ధం చేసుకో.

మన దేశం మాట ఎవరైనా ఎత్తితే, 2025-26 రక్షణ కేటాయింపు 6.81 లక్షల కోట్ల రూపాయల్లో పెన్షన్లకే 1.60 లక్షల కోట్లు దాటిందని చెప్పు. వాదన మాత్రం అటు మళ్లనివ్వకు.

జాబితా రాశాక నాకు పంపు. కళ్లద్దాలు మార్పించాను, చిన్న అక్షరాలైనా ఫరవాలేదు.

మీ పెదనాన్న