రెండో కొట్టు ఎక్కడ పెట్టాలి?

చిరంజీవి మేనకోడలికి, బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడిలో నీ కాస్మెటిక్స్ కొట్టు బాగా నడుస్తోందని, దసరాకల్లా పాతపట్నంలో ఇంకోటి, ఏడాది తిరిగేలోపు నాలుగు ఊళ్ళలో తెరవాలని చూస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. పెట్టాల్సిందే. కాకపోతే అడ్వాన్సు ఇచ్చే ముందు నేను రాసింది ఒకసారి చదువు.

మన వ్యాపారంలో కొట్లు మూతపడేది గిరాకీ లేక కాదమ్మా, అరల్లో మురిగిపోయే సరుకు వల్ల. లిప్‌స్టిక్కే తీసుకో. కంపెనీ ముప్ఫై షేడ్లు దింపుతుంది. మన వైపు కదిలేవి మెరూన్, ఇటుక రంగు, ముదురు గులాబీ, ఇంకో రెండు మూడు. మిగతావన్నీ "సెట్టు మొత్తం తీసుకుంటే స్కీముంది మేడమ్" అని సేల్స్‌మన్ అంటగట్టేవే. ఆ స్కీములో మిగిలిన లాభమంతా రెండేళ్ళ తర్వాత గడువు దాటిన డబ్బాల రూపంలో నీ ఎదుటే కూర్చుంటుంది. ఒక కొట్లో అలాంటి అర ఒకటుంటే సర్దుకుపోవచ్చు. మూడు కొట్లలో మూడు అరలుంటే నీ పెట్టుబడి అక్కడే ఇరుక్కుపోతుంది.

అందుకని నెలకోసారి కొట్టు కట్టేశాక అన్నిటికంటే కింది అర ఖాళీ చేయించు. డబ్బా తిరగేసి అడుగున ముద్రించిన తేదీ చూడమను. ఆరు నెలల్లో గడువు తీరే వాటికి ఎర్ర స్టిక్కరు అంటించి కౌంటరు దగ్గరికి తేవాలి, మిగతావి తేదీల వరసలో మళ్ళీ పేర్చాలి. డిస్ట్రిబ్యూటరు గడువుకి ఎన్ని నెలల ముందు ఇస్తే వెనక్కి తీసుకుంటాడో కాగితం మీద రాయించుకో. నోటి మాట నమ్మొద్దు, సేల్స్‌మన్ మారిపోతే ఆ మాట కూడా అతనితోనే పోతుంది.

ఇక పాతపట్నం సంగతి. దగ్గరే కదా, ఆటోలో సరుకు పంపేయొచ్చు అనుకుంటున్నావు. ఊరు దగ్గరే గానీ రాష్ట్రం వేరు, పర్లాకిమిడి ఒడిశాది, పాతపట్నం ఆంధ్రాది. నీకు అక్కడ ఆంధ్రా జీఎస్టీ నంబరు విడిగా తీసుకోవాలి. పాన్ ఒకటే అయినా చట్టం దృష్టిలో ఆ రెండు కొట్లూ ఇద్దరు వేరు వేరు మనుషులు. నువ్వు పర్లాకిమిడి నుంచి అక్కడికి పంపే అట్టపెట్టె అంతర్రాష్ట్ర అమ్మకం కిందికి వస్తుంది. నువ్వేమో జీఎస్టీ కాంపోజిషన్ స్కీములో ఉన్నావు. టర్నోవరు కోటిన్నర లోపు ఉన్న వ్యాపారులు ఒక శాతం కట్టి ఊపిరి పీల్చుకునే పద్ధతి అది. అందులో ఉన్నవాళ్ళు రాష్ట్రం దాటించి సరుకు పంపకూడదు. ఒక్క పెట్టె పంపినా రెండు కొట్లకీ ఆ సౌకర్యం పోయినట్టే. రెగ్యులర్‌కి, అంటే మామూలు జీఎస్టీకి మారితే పంపొచ్చు గానీ, ప్రతి పెట్టెకీ ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు మీద పడే పన్ను) బిల్లు, యాభై వేలు దాటితే సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు. ఇద్దరు ఆడపిల్లల్ని పనికి పెట్టుకుని నడిపే కొట్టుకి ఆ టెన్షన్ ఇప్పుడే ఎందుకు?

దీనికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. పాతపట్నం ఆడవాళ్ళు ఇప్పటికే నీ కొట్టుకి వస్తున్నారు. అక్కడ కొట్టు పెడితే నీ గిరాకీనే రెండుగా చీల్చుకుని, అద్దె మాత్రం రెండు కడతావు.

నా మాట వింటే ముందు గుణుపురం చూడు. నౌపడ నుంచి పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా వెళ్ళే మన రైలు లైనే అక్కడ ఆగుతుంది. అది రాయగడ జిల్లా అయినా ఒడిశాయే కాబట్టి ఇప్పుడున్న నంబరులోనే రెండో చోటుగా చేర్పించుకుంటే సరిపోతుంది. అమ్మకం బిల్లు లేకుండా డెలివరీ చలాను అనే చీటీ రాసి పర్లాకిమిడిలో కదలని సరుకు అక్కడికి, అక్కడిది పర్లాకిమిడికి తిప్పుకోవచ్చు. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలున్న ఊరు కనుక నీ దగ్గర ఆగిపోయిన లేత షేడ్లు, మొహానికి అతికించుకునే షీట్ మాస్కులు అక్కడ పోతాయి. కొట్లు ఒకదానికొకటి ఆసరాగా ఉన్నప్పుడే గొలుసు నిలుస్తుంది.

సరుకు మాత్రం రెండు చోట్లా ఒకేలా నింపకు. సావిత్రీ అమావాస్యకి ఒడియా ఇళ్ళల్లో గాజులు, సిందూరం, అలతా (మన పారాణి) కావాలి. మన తెలుగు వాళ్ళ రద్దీ శ్రావణ శుక్రవారాలకి. మార్గశిర లక్ష్మీవారాలు మాత్రం ఇద్దరికీ పండగే, అప్పుడు ఏ కొట్లోనూ పారాణి సీసా దొరకలేదని ఎవరూ తిరిగి వెళ్ళకూడదు. కుంకుమ, బొట్టుబిళ్ళలు, మట్టి గాజుల మీద అసలు పన్నే లేదు. తలనూనె, షాంపూ, సబ్బు, పౌడరు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగాయి. లిప్‌స్టిక్, క్రీములు ఇంకా 18లోనే ఉన్నాయి. రేపు రెగ్యులర్‌కి మారినప్పుడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇవి తప్పు పడకుండా చూసుకో.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే విషయం. కంపెనీ పేరు సరిగ్గా లేని తెల్లబరిచే క్రీములు తెచ్చి కౌంటరు మీద పెట్టే కుర్రాళ్ళు నీ దగ్గరికీ వస్తారు. సగానికి సగం మార్జిన్ ఇస్తామంటారు. ముట్టుకోకు. వాటిలో కొన్నింట్లో పాదరసం ఉంటుంది, కొన్నింట్లో బెటామెథాసోన్, క్లోబెటాసాల్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ మీద మందుల షాపులో అమ్మాల్సినవి. వారం పది రోజుల్లో మొహం తేటపడుతుంది, ఆ పిల్ల తన స్నేహితురాళ్ళని కూడా నీ కొట్టుకే తీసుకొస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండలోకి వెళితే మంట. మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది. పాదరసమైతే కిడ్నీల మీదికే పోతుంది. 2023లో కేరళ మలప్పురంలో ఇలాంటి క్రీములు రాసుకున్నవాళ్ళకి కిడ్నీ జబ్బు బయటపడింది. మన ఊళ్ళ ఆడపిల్లలు నిన్ను "అక్కా, ఇది మంచిదేనా?" అని అడిగి కొంటారు. అలా అడిగే పిల్లకి అది ఇవ్వడానికి నీకు చేతులెలా వస్తాయి?

డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయా చూడు. విదేశీదైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. ఇందులో ఏది లేకపోయినా కొనొద్దు. బిల్లు లేకుండా వచ్చే సరుకూ అంతే.

పెద్దవాళ్ళు ఎలా ఎదిగారో కూడా చూడు. ఫాల్గుణీ నాయర్ కోటక్ మహీంద్రాలో పెద్ద ఉద్యోగం వదిలి 2012లో నైకా అనే కాస్మెటిక్స్ కంపెనీ మొదలుపెట్టింది. ముందు ఆన్‌లైన్‌లోనే అమ్మింది, షాపులు తర్వాత వచ్చాయి. ఎవరెవరో అమ్మకందారుల్ని కూర్చోబెట్టకుండా ప్రధానంగా తనే సరుకు కొని, తన గోడౌన్లో పెట్టుకుని అమ్మింది. నకిలీ భయం లేదన్న నమ్మకం అలా వచ్చింది. ఫ్రాన్సులో డొమినిక్ మాండొనో 1969లో లిమోజ్ అనే ఊళ్ళో అత్తరు కొట్టు పెట్టి, సీసాల్ని అద్దాల వెనక నుంచి బయటికి తెచ్చాడు, కొనేవాళ్ళు చేత్తో తీసి వాసన చూసుకునేలా. ఇప్పటి సెఫోరా అనే కాస్మెటిక్స్ షాపుల గొలుసుకి పునాది అదే. ఎల్‌వీఎంహెచ్ అనే ఫ్రెంచి ఖరీదైన సరుకుల కంపెనీ దాన్ని కొన్నది 1997లో. అంటే మధ్యలో ఎన్నేళ్ళు పట్టిందో చూడు. నువ్వు ఏడాదిలో నాలుగు ఊళ్ళు అంటున్నావు.

టెస్టర్లు బయట పెట్టు, కానీ పెదాలకి ఎవర్నీ రాసుకోనివ్వకు. దూది పుల్లతో తీసి ముంజేతి మీద చూపించమను, పుల్ల వెంటనే పారేయాలి. రేటు విషయంలో ఆన్‌లైన్ వాళ్ళతో పోటీ పడలేవు. చామనఛాయ మొహానికి ఏ ఫౌండేషన్ నప్పుతుందో ఎదురుగా పెట్టి చూపించడంలో మాత్రం నిన్ను ఎవరూ కొట్టలేరు. ఆ పని తెలిసిన అమ్మాయికి జీతం ఓ వెయ్యి ఎక్కువైనా ఇవ్వు.

గుణుపురంలో అద్దె మాట్లాడే ముందు ఒక నెల నువ్వు కొట్టుకి వెళ్ళకు. తాళాలు, గల్లాపెట్టె నీ దగ్గర పనిచేసే ఇద్దరిలో పెద్దమ్మాయికి అప్పగించు. నెలాఖరున సరుకు లెక్క, డబ్బు లెక్క విడివిడిగా వేయించి నాకు వాట్సాప్ చెయ్యి. రెండూ కలిస్తే ఆదివారం నేనే బండి ఎక్కి వస్తాను, గుణుపురంలో రెండు మూడు షాపులు కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మావయ్య