కారు బ్రేకుల సాఫ్ట్‌వేర్ రాయాలంటే ఏం నేర్చుకోవాలి?

ఈసీఈ అయ్యాక కార్లలో బ్రేకు, ఇంజిన్ నడిపే సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలంటే ఎలా అని అడిగారు. ముందు సి భాష, గట్టిగా. ఇక్కడ వేగం కన్నా సమయానికి పని పూర్తవడం ముఖ్యం. గంటకు 100 కిలోమీటర్ల మీదున్న కారు 10 మిల్లీసెకన్లలో దాదాపు 28 సెంటీమీటర్లు వెళ్లిపోతుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లెక్క సరిగ్గానే వచ్చినా, ఆలస్యంగా వస్తే తప్పు కిందే లెక్క. బండి నడుస్తుండగా మాలాక్‌తో (సి భాషలో మెమరీ తీసుకునే ఫంక్షన్) మెమరీ అడగడం ఈ రంగంలో దాదాపు నిషిద్ధం, దానికి ఎంతసేపు పడుతుందో ముందే చెప్పలేం, అందుకే.

తర్వాత క్యాన్ బస్, అంటే కారులోని చిన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల దారి. పాత క్యాన్‌లో ఒక్కో సందేశానికి 8 బైట్లే, ఐడీ నంబరు తక్కువున్న సందేశానికే ముందు దారి.

సర్టిఫికెట్ల కన్నా ఒక ఎస్‌టీఎం32 (మైక్రోకంట్రోలర్) బోర్డు కొనుక్కోండి. ఫ్రీఆర్‌టీఓఎస్ (పనుల్ని సమయానికి నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి, రెండు టాస్కులు ఒకే వేరియబుల్ కోసం కొట్టుకుంటే ఏమవుతుందో చూడండి. కార్ల ఎలక్ట్రానిక్స్ భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 26262 కాగితాల పని మాత్రం బోలెడు (విసుగే, చెప్పొద్దూ).