బక్‌స్కిన్ గల్చ్‌కి వెళ్తున్నావటగా

అమ్మడూ,

ఫ్రెండ్స్‌తో అమెరికాలో యూటా ఎడారిలోని ఆ ఇరుకు రాతి లోయ, బక్‌స్కిన్ గల్చ్ దిగుతున్నావనీ, మడుగులొస్తే ఈదేస్తానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. మా అమ్మాయే అని తెగ మురిసిపోయాను, రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

పర్మిట్ తీసుకో, మంచినీళ్లు మోసుకెళ్లు, ఎప్పటికి బయటికొస్తారో ఎవరికైనా రాసిచ్చి వెళ్లు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య దాకా అటు వెళ్లొద్దు, అది వరదలొచ్చే కాలం. నెత్తిన మబ్బు లేదు కదా అనుకోకు, 1997 ఆగస్టులో ఆ చుట్టుపక్కలే అలాంటి ఇంకో ఇరుకు లోయలో, యాంటిలోప్ కాన్యన్‌లో, 11 మంది కొట్టుకుపోయారు, వాన పడిందేమో మైళ్ల అవతల. లోపల తలెత్తి చూస్తే గోడల మధ్య ఇరుక్కున్న దుంగలు కనిపిస్తాయి, అవి వరద తెచ్చి పెట్టినవే.

అయినా నా భయం వరద కాదు, చలి. నవ్వకు.

నేనూ మా ఫ్రెండొకడూ అక్కడికి వెళ్లింది మే నెలలో. పైన ఎండ మాడ్చేస్తోంది, ఎడారిలో స్వెట్టరెందుకని కార్లోనే పడేశాను. ఒంటి మీద జీన్స్, కాటన్ చొక్కా. మొదటి మడుగు నడుం లోతు, ప్రాణం లేచొచ్చింది. మూడోదానికి ఈదాల్సొచ్చింది. ఆ సందులో నీళ్లకి ఎండ తగలడమే తక్కువ, పైగా తడిసిన జీన్స్ ఆరదు. మా వాడు కాసేపాగుదామంటే నేనే పద పద, నడిస్తే వెచ్చబడతాం అన్నాను. ఐదోది దాటాక బ్యాగు విప్పబోతే వేలు క్లిప్పు మీదే ఉంది, కళ్లతో చూస్తున్నాను, నొక్కమంటే నొక్కదే! వాడి మాట ముద్దముద్దగా వస్తుంటే వేళాకోళం అనుకుని నవ్వాను కూడా. కాసేపటికి వాడి వణుకు ఆగింది, హమ్మయ్య, కుదుటపడ్డాడనుకున్నా. కుదుటపడటం కాదు తల్లీ అది, ఒంట్లో వణికే శక్తి కూడా అయిపోవడం. క్లిప్పు పళ్లతో లాగాను. బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఒక్క స్లీపింగ్ బ్యాగ్ తప్ప. అదీ వాడి తెలివే, నాది కాదు. ఎత్తైన ఇసుక దిబ్బ మీద ఇద్దరం అందులో దూరి తెల్లారేదాకా కూర్చున్నాం. ఆ రాత్రి వాడికేమన్నా అయ్యుంటే వాళ్లమ్మకి ఏం చెప్పేవాణ్ణి? ఇప్పటికీ ఆలోచిస్తాను.

అందుకే కాటన్ వద్దు. పొడి బట్టలు నీళ్లు చొరబడని డ్రై బ్యాగులో పెట్టుకో. ప్రతి మడుగు దాటాక ఒకరి జిప్పు ఇంకొకళ్లు వేయండి, ఎవరి వేళ్లు తడబడినా అక్కడే ఆగి బట్టలు మార్చి ఏదైనా తినిపించండి. మీలో ఒక్కళ్లు వెనక్కి పోదామన్నా అందరూ వెనక్కి రావాలి, నాలాగా పద పద అనకు. కర్రతో లోతు చూడకుండా మాత్రం దూకావో, నాతో మాట్లాడకు. ఒక్కో వరదకి మడుగు అడుగుభాగం మారిపోతుంది.

నీళ్లలో చలి ఆపే వెట్‌సూట్ నీ కొలతకే కొనుక్కో, వదులైతే దండగ. డబ్బులు పంపిస్తా, అమ్మకి చెప్పకు. బయటికొచ్చి సిగ్నల్ అందగానే ముందు నాకు మెసేజ్ పెట్టు, అమ్మకి నేను చెప్తాలే.

మామయ్య