కరెంటు పోయి వచ్చాక ఆఫీసు వర్చువల్ డెస్క్‌టాప్ నల్లగా మిగిలిపోతోంది, ఏం చెయ్యాలి?

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ, లాప్‌టాప్‌కి 27 అంగుళాల 4కె మానిటర్ తగిలించి ఆఫీసు వర్చువల్ డెస్క్‌టాప్‌లో పని చేస్తున్నానని రాశారు. సాయంత్రం కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా చాలు, తెర నల్లగా అయిపోయి మౌస్ బాణం ఒక్కటే కదులుతోందట. ఎలాగో తెర వచ్చినా అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయట. హెల్ప్‌డెస్క్‌ని అడిగితే లాప్‌టాప్ రీస్టార్ట్ చెయ్యమంటున్నారట.

రీస్టార్ట్ చేస్తే ఒరిగేదేమీ లేదు. చెడిన సెషన్, అంటే మీరు లాగిన్ అయ్యి తెరిచి పెట్టుకున్న డెస్క్‌టాప్, మీ లాప్‌టాప్‌లో లేదు, డేటా సెంటర్‌లో సర్వర్ మీద ఉంది. మీరు ఇక్కడ ఎన్నిసార్లు ఆపి వేసినా అది అక్కడ అలాగే కూర్చుని ఉంటుంది. మళ్లీ కనెక్ట్ అయితే అదే నల్ల తెరని మీ చేతికి ఇస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది పూటలు పోగొట్టుకుంటున్నారో!

ఇంకో భ్రమ కూడా ఉంది. బాణం కదులుతోంది కదా, లైను బాగానే ఉందనుకుంటారు. ఆ బాణాన్ని గీసేది మీ లాప్‌టాప్‌లోని క్లయింటే, అంటే ఆఫీసు డెస్క్‌టాప్‌కి కనెక్ట్ అయ్యే యాప్. అవతల సర్వర్ పడుకున్నా కాసేపు అది హాయిగా కదులుతుంది. అసలు పరీక్ష కంట్రోల్, ఆల్ట్, ఎండ్ మూడూ కలిపి నొక్కడం. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో అవతలి మెషీన్‌కి కంట్రోల్-ఆల్ట్-డిలీట్ పంపే పద్ధతి ఇదే. మీ ఆఫీసు వేరే కంపెనీల యాప్‌లు వాడుతుంటే, హొరైజన్ క్లయింట్‌కి కంట్రోల్, ఆల్ట్, ఇన్సర్ట్. సిట్రిక్స్ అయితే పైన ఉండే టూల్‌బార్‌లో దానికో బటన్ ఉంటుంది. నొక్కగానే లాక్, సైన్ అవుట్, టాస్క్ మేనేజర్ అనే వరసలు ఉన్న సెక్యూరిటీ తెర వచ్చిందా, లైనూ సర్వరూ రెండూ బతికే ఉన్నట్టు. రాలేదా, గొడవ దారిలో ఉంది. ఇక్కడి నుంచి రెండు వేర్వేరు వైద్యాలు.

ముందు ఆ కరెంటు పోయిన క్షణంలో ఏం జరుగుతుందో చూడండి, మిగతాదంతా అందులోనే ఉంది. కరెంటు పోగానే మానిటర్ ఆరిపోతుంది, లాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. పెద్ద తెర మాయమైందని గమనించిన విండోస్, కిటికీలన్నింటినీ 14 అంగుళాల తెర మీదికి లాక్కొస్తుంది. రిమోట్ క్లయింట్‌లో డైనమిక్ రిజల్యూషన్ (తెర మారితే సెషన్ సైజునీ మార్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే అది వెంటనే సర్వర్‌కి కబురు పెడుతుంది: 3840×2160 వద్దు, 1920×1080 కావాలని. ఆ కబురు అందేలోపే రూటర్ ఆరిపోతుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్లే వీపీఎన్ తెగుతుంది. క్లయింట్ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ 20 సార్ల దాకా మళ్లీ కలవడానికి ప్రయత్నిస్తుంది. కరెంటు వచ్చాక మానిటర్ కొన్ని సెకన్లలో లేస్తుంది గానీ, ఫైబర్ పెట్టే, రూటరూ కుదురుకోవడానికి నిమిషాలు పడుతుంది. చివరికి సెషన్ దొరికేసరికి సర్వర్ దగ్గర ఒక తెర లెక్క, మీ బల్ల మీద ఇంకో తెర లెక్క. ఆ సర్దుబాటులో అవతల కిటికీలని గీసే డెస్క్‌టాప్ విండో మేనేజరో, టాస్క్‌బార్‌ని చూపించే ఎక్స్‌ప్లోరరో తడబడితే మిగిలేది నలుపే.

కాబట్టి సెక్యూరిటీ తెర వచ్చినవాళ్లు చెయ్యాల్సింది ఇది. అందులోంచి టాస్క్ మేనేజర్ తెరవండి. ‘రన్ న్యూ టాస్క్’ నొక్కి ‘ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్‌ఈ’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. టాస్క్‌బార్ వచ్చేస్తే చాలు, సేవ్ చెయ్యని పని కూడా దక్కినట్టే. ఎక్స్‌ప్లోరర్ ముందే జాబితాలో కనిపిస్తుంటే దాని మీద రైట్ క్లిక్ చేసి ‘రీస్టార్ట్’ ఇవ్వండి. టాస్క్ మేనేజర్ కూడా నల్లగానే ఉంటే, కంట్రోల్, ఆల్ట్, బ్రేక్ కలిపి నొక్కి ఫుల్ స్క్రీన్ నుంచి చిన్న కిటికీలోకి రండి. చాలాసార్లు ఆ పరిమాణం మారడంతోనే సర్వర్ తెరని మొత్తం కొత్తగా గీసి పంపుతుంది. ఈ రెండూ పని చెయ్యకపోతేనే సైన్ అవుట్. సేవ్ చెయ్యనిది అప్పుడు పోతుంది, కాబట్టి దాన్ని చివరికి ఉంచుకోండి.

సైన్ అవుట్ అంటే సైన్ అవుటే. పైన మూలన ఇంటూ గుర్తు నొక్కడం కాదు. ఇంటూ నొక్కితే సెషన్ డిస్‌కనెక్ట్ అవుతుందంతే, చావదు. ఆఫీసు అడ్మిన్లు పెట్టే గ్రూప్ పాలసీ అనే సెట్టింగుల్లో గడువు పెట్టకపోతే డిస్‌కనెక్ట్ అయిన విండోస్ సెషన్ ఎన్నాళ్లయినా అలాగే ఉండిపోతుంది. సోమవారం పాడైన సెషన్‌నే శుక్రవారం దాకా తెరిచి మూసి, తెరిచి మూసి, క్లయింట్ తీసేసి మళ్లీ ఎక్కించి, ఆఖరికి లాప్‌టాప్ మార్చమని అడిగేవాళ్లు ఉన్నారు. నన్నడిగితే నల్ల తెర ఫిర్యాదుల్లో సగానికి పైగా ఈ ఇంటూ గుర్తు పుణ్యమే. అడ్మిన్లకి కూడా ఒక మాట: డిస్‌కనెక్ట్ అయిన సెషన్లకి కాలపరిమితి పెట్టే గ్రూప్ పాలసీ ‘సెషన్ టైమ్ లిమిట్స్’ కింద ఉంది. పెట్టండి. యూజర్‌కి తెర కనిపించని స్థితిలో ‘క్వెరీ యూజర్’ కమాండుతో సెషన్ నంబర్ చూసి, ‘లాగాఫ్’ పక్కన ఆ నంబర్ ఇస్తే నిమిషంలో అయిపోయే పనికి రెండు రోజులు టికెట్ నానబెట్టడం అన్యాయం.

ఇక సెక్యూరిటీ తెర రాని కేసు. లాగిన్ అయింది, పాస్‌వర్డ్ తీసుకుంది, తర్వాత నలుపు, కాసేపటికి తెగిపోయింది. ఇది మీ పీజీ వైఫై, వీపీఎన్‌ల వ్యవహారం. ముందు అదే డెస్క్‌టాప్‌ని బ్రౌజర్‌లో తెరిచి చూడండి, మీ ఆఫీసు ఆ దారి ఇచ్చి ఉంటే. బ్రౌజర్ మామూలు వెబ్ పోర్ట్ 443 మీదే నడుస్తుంది (పోర్ట్ అంటే నెట్‌వర్క్‌లో నంబర్ వేసిన ద్వారం). అందులో తెర వచ్చి యాప్‌లో రాకపోతే సర్వర్‌ని అనుమానించక్కర్లేదు. డేటా పంపే పద్ధతులు రెండు, టీసీపీ, యూడీపీ. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి ఆర్‌డీపీ, టీసీపీ 3389తో పాటు యూడీపీ 3389 కూడా వాడుతుంది. హొరైజన్‌లో తెరని పంపే పద్ధతులు బ్లాస్ట్, పీసీఓఐపీ. బ్లాస్ట్‌కి బయటి నుంచి మామూలుగా 8443 లేదా 443, పీసీఓఐపీకి 4172 కావాలి. పీసీఓఐపీలో లాగిన్ అయ్యి, నల్లగా కాసేపు నిలబడి తెగిపోతే మొట్టమొదట చూడాల్సింది 4172 టీసీపీ, యూడీపీ రెండూ తెరిచి ఉన్నాయా అన్నదే.

పోర్టులన్నీ బాగుండి కూడా నలుపే వస్తుంటే ప్యాకెట్ సైజు చూడండి. నెట్‌వర్క్‌లో డేటా వెళ్లే చిన్న చిన్న మూటలే ప్యాకెట్లు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు ఇదే కోపం. లాగిన్‌కి చిన్న ప్యాకెట్లు చాలు, అవి దాటిపోతాయి. తెర బొమ్మ పెద్ద ప్యాకెట్లలో వస్తుంది, అవి మధ్యలో రాలిపోతాయి. ఈథర్‌నెట్ హద్దు 1500 బైట్లు, పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో కలిసే బ్రాడ్‌బ్యాండ్) కనెక్షన్ అయితే 1492, దాని మీద వీపీఎన్ తన తొడుగు తొడిగితే ఇంకా తగ్గుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పింగ్ -ఎఫ్ -ఎల్ 1372’ అని, పక్కన ఆఫీసు మెషీన్ పేరు ఇచ్చి కొట్టండి (అక్షరాలు ఇంగ్లిష్‌లోనే). 1372కి హెడర్ల 28 కలిపితే 1400. జవాబు రాకపోతే 1272కి, ఇంకా తగ్గించి చూస్తూ పోండి. జవాబు వచ్చే అతి పెద్ద సైజుకి 28 కలిపితే అదే మీ లైను ఎంటీయూ, అంటే ప్యాకెట్ సైజు హద్దు. ఏ సైజుకీ జవాబు రాకపోతే ఆఫీసు ఫైర్‌వాల్ పింగ్‌నే ఆపుతోందని అర్థం, ఆ పరీక్షని నమ్ముకోకండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద కనెక్ట్ అయి తేడా చూడండి. ఎంటీయూ తగ్గించడానికీ, క్లయింట్‌లో యూడీపీ ఆపడానికీ అడ్మిన్ హక్కులు కావాలి. రెండోదానికి గ్రూప్ పాలసీ పేరు ‘టర్న్ ఆఫ్ యూడీపీ ఆన్ క్లయింట్’. ఆపాక తెర కాస్త నెమ్మదిగా కదలొచ్చు గానీ నలుపు పోతే దోషి దొరికినట్టే.

చీమల అక్షరాల సంగతి వేరు. సెషన్ లోపల డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే రిజల్యూషన్, స్కేల్ బూడిద రంగులో ఉండి మార్చనివ్వవు. అక్కడ తలబాదుకోకండి. ఆ లెక్క మీ లాప్‌టాప్ నుంచి వెళ్లాలి. సెషన్ మూసి, లాప్‌టాప్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 4కె మానిటర్‌ని మెయిన్ డిస్‌ప్లేగా పెట్టి, స్కేల్ 150 శాతం ఇచ్చి, ఆ తర్వాత కనెక్ట్ అవ్వండి. 100 శాతం దగ్గర మొదలైన సెషన్‌లోకి 150తో తిరిగి వస్తే అప్పటికే తెరిచి ఉన్న పాత అప్లికేషన్లు చిన్నగానో, మసకగానో ఉండిపోతాయి. వాటికి మళ్లీ సైన్ అవుటే మందు.

రెండు తెరల్లో ఒకదాని మీదే సెషన్ కావాలంటే ‘ఎంఎస్‌టీఎస్‌సీ’ పక్కన ‘/ఎల్’ ఇచ్చి రన్ చేస్తే మానిటర్ల నంబర్లు చూపిస్తుంది. ఆర్‌డీపీ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ‘యూజ్ మల్టీమాన్’ వరసలో 1 పెట్టి, ‘సెలెక్టెడ్‌మానిటర్స్’ వరసలో మీకు కావాల్సిన నంబర్ రాయండి. కరెంటు పోయి వచ్చాక ఆ నంబర్లు తారుమారు కావొచ్చు. నిన్న పనిచేసిన ఫైలు ఇవాళ తప్పు తెర మీద తెరుచుకుంటే ముందు అదే చూడండి.

చిన్న కిటికీలో బాగుండి ఫుల్ స్క్రీన్‌లోనే నల్లబడితే గ్రాఫిక్స్ మెమరీని అనుమానించాలి. ఒక్క ఫ్రేముకి 1920×1080 తెర 8 ఎంబీ అడుగుతుంది, 4కె తెర 32 ఎంబీ అడుగుతుంది. మీ సొంత లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ నడిపేవాళ్లు వీడియో మెమరీ 16 ఎంబీ దగ్గర వదిలేసి 4కె రాలేదంటే ఎలా వస్తుంది? 128కి పెంచండి, గెస్ట్ అడిషన్స్ ఎక్కించండి, అయినా నలుపైతే 3డీ యాక్సిలరేషన్ టిక్ తీసేసి చూడండి.

అడ్మిన్ల వైపు చూడాల్సినవి: ఈవెంట్ వ్యూయర్‌లో ‘టెర్మినల్‌సర్వీసెస్-లోకల్‌సెషన్‌మేనేజర్’ లాగ్. కొత్త లాగిన్‌లో 21 అంటే లాగిన్ అయింది, 22 అంటే షెల్ (డెస్క్‌టాప్, టాస్క్‌బార్) మొదలైంది. 21 ఉండి 22 లేకపోతే ప్రొఫైల్ దగ్గర ఇరుక్కుంది. ప్రొఫైల్ డిస్క్ నిండిందేమో, యాప్ రెడీనెస్ సర్వీస్ పట్టుకుని కూర్చుందేమో చూడండి. 24 (డిస్‌కనెక్ట్) తర్వాత 25 (మళ్లీ కనెక్ట్) పడి, తెర మాత్రం నలుపైతే గ్రాఫిక్స్ డ్రైవర్ వైపు వెళ్లండి. విండోస్ 10 1903 నుంచి రిమోట్ సెషన్లకి డబ్ల్యూడీడీఎం అనే కొత్త రకం గ్రాఫిక్స్ డ్రైవర్ వచ్చింది, కొన్ని మెషీన్లలో నలుపు మొదలైంది కూడా అప్పుడే. ‘రిమోట్ సెషన్ ఎన్విరాన్‌మెంట్’ కింద ఆ డ్రైవర్ వాడమనే పాలసీని డిసేబుల్ చేసి, మెషీన్ రీస్టార్ట్ చేసి పరీక్షించండి.

మీ గదిలో మీరు చేసుకోగలిగింది ఒకటుంది. లాప్‌టాప్ మూత మూసి పెద్ద తెర ఒక్కటే వాడుతుంటే ఆ అలవాటు మానండి, కరెంటు పోగానే మీకు ఏ తెరా ఉండదు. రూటర్‌కీ ఫైబర్ పెట్టెకీ మినీ యూపీఎస్ పెట్టండి. కొనేముందు వాటి అడాప్టర్ల మీద వోల్టేజీ, ఆంపియర్లు చదివి అవే ఉన్నది తీసుకోండి. ఈ మానిటర్లు సాధారణంగా 30 నుంచి 50 వాట్లే తాగుతాయి, 600 వీఏ యూపీఎస్ మీద మానిటర్ కూడా ఆ రెప్పపాటు దాటేస్తుంది. ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కేబుల్ తీసుకుంటే చౌక అని ఏదో ఒకటి పట్టుకురాకండి. హెచ్‌డీఎంఐ 1.4 దారిలో 4కె సెకనుకి 30 ఫ్రేములే, 60కి 2.0 కావాలి, పోర్టూ అడాప్టరూ కేబులూ మూడూ.

ఇన్ని చేసినా నలుపే అయితే టికెట్‌లో ‘బ్లాక్ స్క్రీన్’ అని రెండు ముక్కలు రాసి ఫోటో పెట్టకండి. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి వచ్చింది, కంట్రోల్-ఆల్ట్-ఎండ్‌కి తెర వచ్చిందా లేదా, బ్రౌజర్‌లో తెరుచుకుందా, హాట్‌స్పాట్ మీద తేడా ఉందా, మానిటర్ రిజల్యూషన్, స్కేల్ ఎంత, ఇవి రాయండి. కింద ‘నా సెషన్‌ని సర్వర్ వైపు నుంచి లాగాఫ్ చెయ్యండి’ అని అడగండి.