క్వాలిఫయర్‌కి దేశం పిలిస్తే విదేశీ క్లబ్ ఆటగాణ్ని ఆపగలదా?

ప్రశ్న అడిగిన తమ్ముడు బంగ్లాదేశ్‌తో మన ఫుట్‌బాల్ క్వాలిఫయర్, అంటే పెద్ద టోర్నీకి అర్హత తేల్చే మ్యాచ్, చూసినట్టున్నాడు. బంగ్లాదేశ్ ఆటగాడు హమ్జా చౌదరి ఇంగ్లండ్‌లో సీజన్ నడుస్తుండగా ఎలా వచ్చి ఆడాడు, వాళ్ళ క్లబ్ పంపనంటే ఏమయ్యేది, తనే రానంటే ఏం చేస్తారు, మనకు అలాంటివాళ్ళు ఎందుకు లేరు... ఇదీ అడిగింది.

సూటిగా చెప్తాను. ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫీఫా ముందే ప్రకటించిన తేదీల్లో (వీటినే విండో అంటారు) అయితే ఏ దేశపు క్లబ్ అయినా ఆటగాణ్ని పంపాల్సిందే. ఆ తేదీల బయట అయితే పంపడమా మానడమా అన్నది క్లబ్ ఇష్టం. ప్రపంచంలో ఈ విషయం మీద జరిగే గొడవల్లో చాలా వరకు ఈ రెండింటి మధ్యే జరుగుతాయి.

నాకిది చదివితే తెలిసింది కాదు, కాలు విరిగితే తెలిసింది. 2004లో నేను చెన్నైలో ఒక ఆఫీసు టీమ్‌కి స్టాపర్‌గా, అంటే గోలు ముందు అడ్డంగా నిలబడే డిఫెండర్‌గా ఆడేవాణ్ణి. ఉద్యోగం ఆట వల్లే వచ్చింది. జీతం వాళ్ళది, బూట్లు వాళ్ళవి, పొద్దున ప్రాక్టీసుకు తీసుకెళ్ళే వ్యాను కూడా వాళ్ళదే. సొంతూరు చిత్తూరు. ఆట నేర్చుకుంది మెసానికల్ గ్రౌండ్‌లో. అప్పటికింకా తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాలు కాలేదు, అది 2022 ఏప్రిల్‌లో కదా జరిగింది. జిల్లా జట్టంటే మదనపల్లె నుంచి శ్రీకాళహస్తి దాకా అందరూ ఒకటే.

ఒక బుధవారం సాయంత్రం హాస్టల్‌కి ఫోను. తిరుపతిలో యూనివర్సిటీ గ్రౌండ్‌లో శనివారం మ్యాచ్. "స్టాపర్‌కి కామెర్లంట రా, నువ్వు రాకపోతే జిల్లా పరువు పోతుంది" అన్నాడు మా జట్టు చూసుకునే అన్న. మరుసటి రోజు ఆఫీసులో స్పోర్ట్స్ చూసే సార్ దగ్గరికి వెళ్ళి అడిగితే ఆయన ఒకే ప్రశ్న వేశాడు: "ఓడీ లెటర్ ఏది?" అంటే నన్ను ఆన్ డ్యూటీగా పంపమని జిల్లా వాళ్ళు రాసే కాగితం. లేదు. ఆదివారం మాకూ లీగ్ మ్యాచ్ ఉంది. ఆయన పంపనన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సార్‌ది తప్పేమీ లేదు.

ఎందుకంటే ఫీఫా నిబంధన కూడా అదే అడుగుతుంది. విదేశంలో ఆడేవాణ్ని పిలవాలంటే పిలిచే దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషన్ విండో మొదలయ్యే రోజుకు కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా పిలవాలి, క్లబ్‌కి కూడా తెలియజేయాలి. క్లబ్ ఆరు రోజుల్లోగా బదులివ్వాలి. మంచి ఫెడరేషన్లు పెద్ద జాబితా తయారు చేసుకుని అందరి క్లబ్బులకూ ముందే కాగితం పంపి పెట్టుకుంటాయి, తర్వాత అందులోంచి ఏరుకుంటాయి. చివరి నిమిషంలో ఎవరికో దెబ్బ తగిలిందని ఫోన్ చేస్తే నిబంధన కాపాడదు, మొహమాటమే కాపాడాలి.

విండో అంటే మామూలుగా సోమవారం పొద్దున మొదలై తర్వాతి వారం మంగళవారం రాత్రి ముగిసే తొమ్మిది రోజులు. అందులో జట్టుకు రెండు మ్యాచ్‌లు. ఆ రోజుల్లో పంపినందుకు క్లబ్ అద్దె అడగకూడదు. రాకపోకల ఖర్చు పిలిచిన ఫెడరేషన్‌ది. ఆట ముగిశాక బుధవారం పొద్దుటికల్లా తిరుగు ప్రయాణం మొదలుపెట్టాలి, అక్కణ్ణించి 24 గంటల్లో క్లబ్‌లో హాజరవ్వాలి. వేరే ఖండానికి వెళ్ళి ఆడితే 48 గంటల దాకా వెసులుబాటు. 2026 నుంచి సెప్టెంబరు, అక్టోబరు విండోలు రెండూ కలిపి 16 రోజులు, నాలుగు మ్యాచ్‌లు చేశారు. దూరాభారం వెళ్ళేవాళ్ళకు ఒక రానుపోను ప్రయాణం తగ్గినట్టే.

హమ్జా సంగతి ఇలా చూడండి. 2025 మార్చి విండో 17 నుంచి 25 దాకా. అతను 17నే సిల్హెట్‌లో దిగాడు. షిల్లాంగ్‌లో మనతో ఆసియా కప్ క్వాలిఫయర్ 25న, అంటే విండో ఆఖరి రోజు. 0-0. అప్పుడతను లెస్టర్ క్లబ్ నుంచి అప్పు మీద (లోన్) షెఫీల్డ్ యునైటెడ్‌కి ఆడుతున్నాడు. పై లీగ్‌కి ప్రమోషన్ కోసం తన్నుకుంటున్న క్లబ్ అది. అయినా వాళ్ళు వద్దనడానికి వీల్లేదు. అంతా కాగితం ప్రకారం నడిచింది కాబట్టి మనకు అదేదో పెద్ద త్యాగంలా కనిపించింది గానీ, అక్కడివాళ్ళకు అది ఏడాదిలో నాలుగైదు సార్లు వచ్చే తద్దినమే.

నా కథకొస్తాను. జ్వరమని చెప్పి శుక్రవారం సాయంత్రం కోయంబేడులో తిరుపతి బస్సెక్కాను. తమిళుల పెరటాసి నెల, తిరుమలకు జనం పోటెత్తే కాలం. శుక్రవారం రాత్రి తిరుపతి బస్సంటే ఎలా ఉంటుందో మన వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. పసుపు బట్టలు, ముడుపు మూటలు, గోవింద నామాలు. సీటు లేదు. నాలుగు గంటల పైగా ఒంటికాలి మీద మార్చి మార్చి నిలబడి, లీలామహల్ దగ్గర దిగేసరికి అర్ధరాత్రి దాటింది. పొద్దున తొమ్మిదికి మ్యాచ్. దక్షిణ అమెరికాలో మంగళవారం రాత్రి క్వాలిఫయర్ ఆడి శనివారం మధ్యాహ్నం ఇంగ్లండ్‌లో మ్యాచ్‌కి దిగాల్సినవాడి కాళ్ళ గురించి ఎవరైనా రాస్తే నాకు ఆ బస్సే గుర్తొస్తుంది. వాళ్ళకు పడుకునే సీటు ఉంటుంది, నిజమే. కానీ కాలు కాలే.

రెండో సగంలో కార్నర్‌కి ఎగిరి దిగడం దిగడం మడమ మడత పడింది. చిన్న చప్పుడు కూడా వినిపించింది. మ్యాచ్ గెలిచాం, నన్ను ఇద్దరు మోసుకొచ్చారు. అప్పుడు మొదలైంది అసలు సమస్య. ఖర్చు ఎవరిది? జిల్లా వాళ్ళ దగ్గర ఆటగాళ్ళ భోజనాలకే డబ్బుల్లేవు. ఆఫీసు దృష్టిలో నేను జ్వరంతో హాస్టల్‌లో పడుకుని ఉన్నాను. చివరికి మా మామ బండి మీద కూర్చోబెట్టుకుని పుత్తూరుకి తీసుకెళ్ళాడు. పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. ఎముకలు అతికించే పుత్తూరు కట్టు. నలభై రోజులు ఆటకు దూరం. ఆఫీసు వాళ్ళకు నిజం తెలిసి, ఆ నెలలో సెలవులకు జీతం కోశారు. తర్వాతి సీజన్ టీమ్‌లో పేరు లేదు.

క్లబ్బులు ఆటగాణ్ని పంపడానికి వెనకాడేది ఎక్కువగా ఇందుకే. దేశభక్తి లేక కాదు. జీతం నేనిస్తుంటే, నువ్వు తీసుకెళ్ళి కాలు విరగ్గొట్టి పంపితే ఎవరు భరించాలి అని. పెద్ద క్లబ్బులు ఏళ్ళ తరబడి ఈ మాట మీద పోట్లాడాక 2012 నుంచి ఫీఫా ఒక రక్షణ పథకం పెట్టింది. సీనియర్ జట్టుకి ఆడుతూ దెబ్బ తగిలి 28 రోజులకు మించి ఆటకు దూరమైతే, ఆ పై రోజులకు జీతాన్ని ఫీఫా క్లబ్‌కి ఇస్తుంది. రోజుకు గరిష్ఠంగా 20,548 యూరోలు, ఏడాది దాకా, అంటే మొత్తం 75 లక్షల యూరోలు. ఆ లెక్కన నా నలభై రోజుల్లో పన్నెండు రోజుల జీతం మా ఆఫీసుకి రావాలి! దానికి తోడు 2026 ప్రపంచ కప్‌కి క్లబ్బులకు పంచే 35.5 కోట్ల డాలర్లలో మొదటిసారి క్వాలిఫయర్లకు పంపిన క్లబ్బులకూ వాటా పెట్టారు. ఆ మధ్య ఎవరో దీన్ని లంచం అన్నారు. నాకైతే అది న్యాయంగానే అనిపించింది.

ఇక విండో బయట. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు ఫీఫా క్యాలెండర్‌లో లేవు, పైగా అది ఆ ఏడు అండర్-24 పోటీ. మన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బులు చాలామందిని పంపలేదు. దొరికినవాళ్ళతో జట్టు కట్టుకుని, చైనాలో దిగిన మరుసటి రోజే చైనాతో ఆడి 1-5తో ఓడిపోయాం. టీవీల్లో క్లబ్బులను తిట్టారు. నిబంధన ప్రకారం క్లబ్బులది తప్పు లేదు, షెడ్యూలు వేసినవాళ్ళది తప్పు. 2025 ఆగస్టులో కాఫా నేషన్స్ కప్ (మధ్య ఆసియా దేశాల టోర్నీ) శిబిరానికి కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్ తన ఆటగాళ్ళను పంపననడానికి చెప్పిన కారణమూ విండో కాదనే. అంతకుముందు 2008లో మెస్సీని బీజింగ్ ఒలింపిక్స్‌కి పంపాలా వద్దా అని క్రీడా కోర్టు దాకా వెళ్ళారు. పంపాల్సిన పని లేదని బార్సిలోనా వైపే తీర్పు వచ్చింది. తీర్పు గెలిచి కూడా బార్సిలోనా అతన్ని ఆడనిచ్చింది. అర్జెంటీనా స్వర్ణం గెలిచింది. అలా పెద్ద మనసు చేసుకోవడం వేరు, హక్కుగా అడగడం వేరు.

ఆటగాడే రానంటే? దానికీ లెక్క ఉంది. పిలుపు వచ్చాక ఏ కారణంతోనైనా రాకపోతే, ఫెడరేషన్ ఒప్పుకుంటే తప్ప, ఆ విండో రోజుల్లోనూ ఆ తర్వాత ఇంకో ఐదు రోజులూ అతను క్లబ్‌కి ఆడకూడదు. దెబ్బ తగిలిందంటే ఫెడరేషన్ తన డాక్టర్‌తో చూపించమనొచ్చు. శనివారం లీగ్ మ్యాచ్‌లో తొంభై నిమిషాలు పరిగెత్తిన కాలు సోమవారం పొద్దున హఠాత్తుగా నొప్పి పెట్టి, విండో ముగిసిన శనివారానికి మళ్ళీ నయమైపోయే జబ్బు అన్ని ఖండాల్లోనూ ఉంది. జ్వరం నాటకం ఆడినవాణ్ణి, నాకు తెలుసు. కాకపోతే నేను ఆడటానికి ఆడాను, వాళ్ళు ఆడకుండా ఉండటానికి.

ఆ ఐదు రోజుల నిబంధన 2021 సెప్టెంబరులో పెద్ద తలనొప్పి తెచ్చింది. కోవిడ్ క్వారంటైన్ భయంతో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు బ్రిటన్ ప్రభుత్వం రెడ్ లిస్ట్‌లో పెట్టిన దేశాలకు ఆటగాళ్ళను పంపబోమన్నాయి. బ్రెజిల్‌కి ప్రపంచ కప్ క్వాలిఫయర్లలో అలిసన్, ఎడర్సన్, థియాగో సిల్వాతో కలిపి తొమ్మిది మంది రాలేదు. బ్రెజిల్ ఐదు రోజుల నిషేధం అడిగి, ఆ వారం లీగ్ మ్యాచ్‌లకు కాస్త ముందు వెనక్కి తీసుకుంది. అదే విండోలో సావో పాలోలో బ్రెజిల్, అర్జెంటీనా మ్యాచ్ మొదలైన కొన్ని నిమిషాలకే ఆరోగ్య శాఖ అధికారులు మైదానంలోకి నడిచొచ్చారు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన నలుగురు అర్జెంటీనా ఆటగాళ్ళు క్వారంటైన్ పాటించలేదని. మ్యాచ్ ఆగింది, ఆ తర్వాత ఎన్నడూ జరగలేదు.

చివరి ప్రశ్న, మనకెందుకు లేరు. మన బాధ క్లబ్బులు పంపకపోవడం కాదు. పిలవడానికి బయట మనవాళ్ళే లేరు. గురుప్రీత్ సింగ్ సంధు నార్వేలో స్టాబెక్‌కి ఆడాడు. సందేశ్ ఝింగన్ క్రొయేషియా వెళ్ళి దెబ్బలతో ఒక్క మ్యాచ్ ఆడకుండానే తిరిగొచ్చాడు. ఆడపిల్లల్లో నిజామాబాద్ వైపు అమ్మాయి సౌమ్య గుగులోత్ డైనమో జాగ్రెబ్ దాకా వెళ్ళింది, మనీషా కల్యాణ్ సైప్రస్, గ్రీస్ క్లబ్బుల్లో ఆడింది. వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

హమ్జా ఇంగ్లండ్ అండర్-21కి ఆడినవాడు. బంగ్లాదేశ్ ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకుంటుంది కాబట్టి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంచుకునే ఆ దేశానికి మారాడు. మన దగ్గర భారత పాస్‌పోర్టు ఉంటేనే జాతీయ జట్టు. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు చాలదు. అందుకే ఇజుమి అరాటా జపాన్ పౌరసత్వం వదులుకుని 2013లో భారత్‌కి ఆడాడు. రయాన్ విలియమ్స్ 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వం వదిలి వచ్చాడు, కానీ నవంబరు 18న ఢాకా మ్యాచ్ నాటికి కావాల్సిన కాగితం చేతికి రాలేదు. ఆ రోజు హమ్జా ఉన్న బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడాం. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు బ్రిటిష్ పాస్‌పోర్టు, దాంతో వచ్చే క్లబ్ కాంట్రాక్టు వదులుకుని రావాలని అడగడం నాకైతే కష్టంగా ఉంటుంది. రాని వాళ్ళను ద్రోహులనేవాళ్ళతో నేను వాదించను, కానీ ఒప్పుకోను.

ఇప్పుడు పిలిచే పని నాకొచ్చింది. రెండేళ్ళ కిందట మా చిత్తూరు జట్టుకి బెంగళూరులో ఒక క్లబ్‌కి ఆడే కుర్రాడు కావాల్సి వచ్చింది. ఇరవై రోజుల ముందు లెటర్ పంపాను. బస్సు టికెట్లు మేమే తీశాం, ఇన్సూరెన్స్ కూడా కట్టాం. అభ్యంతరం లేదని క్లబ్ నుంచి ఎన్ఓసీ వచ్చింది, కింద ఒక గీత గీసి: సోమవారం పొద్దున ఆరుకి ప్రాక్టీసులో ఉండాలి. ఆదివారం ఫైనల్ సాయంత్రం ఆరున్నరకి ముగిసింది. కప్పు ఇంకా వేదిక మీదకు రాకముందే వాణ్ణి బండి ఎక్కించి బస్టాండుకి పంపేశాను. ఫొటోలో వాడు లేడని వాళ్ళమ్మ ఇప్పటికీ నా మీద కోపంగానే ఉంది.