టిప్‌కి సాన పట్టవచ్చా?

ప్రశ్న: మా క్లబ్బులో స్నూకర్ నేర్చుకునే పిల్లల కోసం తెలుగులో కొన్ని సూచనలు రాసి గోడకి అంటించాను. ‘క్యూ మొనకి అప్పుడప్పుడు సాన పట్టి, సుద్ద రాయాలి’ అన్న వాక్యం చూసి ఒక మిత్రుడు ‘ఇదేమైనా కత్తా?’ అని నవ్వాడు. అందులో తప్పేముంది?

సమాధానం: మీ మిత్రుడి మాటలో న్యాయముంది. వ్యాకరణ దోషం లేదు గానీ, క్రియ దగ్గరే చిక్కొచ్చింది. సాన పట్టేది పదునుకో మెరుపుకో. కొడవలికి మొదటిది, రత్నానికి రెండోది. బుద్ధికి సాన పట్టడమన్నా పదునే ఉద్దేశం. క్యూ (బంతిని కొట్టే కర్ర) చివర అతికించే తోలు బిళ్లకి ఈ రెండూ పనికిరావు. దాని తల గోపురంలా గుండ్రంగా ఉండాలి. వాడగా వాడగా నున్నబడి మెరిసిందంటే చాక్ (మీరన్న సుద్ద) నిలవదు, బంతి మీద జారి దెబ్బ తప్పుతుంది, అదే మిస్‌క్యూ. ఇక్కడ మెరుపే జబ్బన్నమాట.

‘మొన’ సూదికీ ముల్లుకీ చెల్లుతుంది, తొమ్మిది పది మిల్లీమీటర్ల వెడల్పున్న బిళ్లకి నప్పదు. ‘కొన’ అంటే కర్ర చివరంతా అవుతుంది. టిప్ అనే రాయండి. ఈ ఆట 1875లో జబల్పూరులోనే పుట్టినా, ఆడింది బ్రిటిష్ సైనికాధికారులు కాబట్టి మాటలూ వాళ్లవే మిగిలాయి.

అసలు టిప్‌కి చేసే పనులు చాలా ఉన్నాయి. మీరు అన్నిటినీ ఒకే గాటన కట్టారు. కొత్త టిప్ సాధారణంగా కర్రకంటే కాస్త వెడల్పుగా వస్తుంది. అతికించి, జిగురు ఆరాక, క్యూను తలకిందులుగా గట్టి చెక్క మీద ఆనించి, చుట్టూ మిగిలిన తోలును బ్లేడుతో తీసేస్తారు. దీన్ని చెక్కడం అనవచ్చు. తర్వాత ఆకురాయితోనో గరుకు కాగితంతోనో నడుమ నుంచి అంచుకి, అన్ని వైపులా సమంగా రుద్ది గుండ్రం తేవడం అరగదీయడం. నున్నబడ్డ తల మళ్లీ చాక్ పట్టేలా చూడటం ఇంకో పని. అక్కడ తోలు తరగనక్కర్లేదు, పైపొర కాస్త లేస్తే చాలు. దాన్ని గరుకు చేయడం అనండి. ఈ తేడా చెప్పకపోతే పిల్లలు రోజూ అరగదీసి పొన్ను దాకా తెచ్చేస్తారు.

పొన్ను అంటే రోకలికీ చేతికర్రకీ చివర తొడిగే లోహపు కట్టు. క్యూకుండే ఇత్తడి తొడుగు అచ్చంగా అదే. క్లబ్బుల్లో ఫెరూల్ అంటారు, కాదనను. కానీ ఇంట్లో ఉన్న మాటని అటక మీద పడేయడం దేనికి?

మెరుపుకీ ఒక చోటుంది. దెబ్బలు తిని తిని టిప్ పక్కలు పొన్ను దాటి ఉబ్బుతాయి. ఆ ఉబ్బు చెక్కేసి, పక్కల్ని కొద్దిగా తడిపి, తోలు ముక్కతో గట్టిగా రుద్ది మెరుగు పెడతారు. అలా బిగిస్తే మళ్లీ తొందరగా ఉబ్బదు. మెరుగు పక్కలకే, తలకి కాదు.

ఇక సుద్ద. 1897లో అమెరికాలో విలియం స్పింక్స్ పేటెంట్ తీసుకున్న మిశ్రమం దగ్గర్నుంచి క్యూ చాక్‌లో ముఖ్యంగా ఉండేవి సిలికా, కురువిందం లాంటి గట్టి పొడులు. బడిలో వాడే సుద్ద కాదది, చాక్ అనే ఉంచండి. ‘రాయాలి’ మాత్రం మార్చకండి. చాలామంది చాక్ క్యూబును టిప్ మీద అదిమిపెట్టి గిర్రున తిప్పుతారు. నడుమ గుంట పడ్డ క్యూబుల్ని మీరు చూసే ఉంటారు. అంచుల మీదుగా మెల్లగా, నూనె రాసినట్టు రాస్తేనే టిప్ అంతటా సమంగా అంటుతుంది.