రోమన్ నాణేల్లో వెండి తగ్గుతూ వచ్చిన తీరు చూపించే సేకరణ: ఏ నాణెంతో మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: రోమన్ చక్రవర్తులు నాణేల్లో వెండి తగ్గిస్తూ పోయారని చదివారు, ఆ మార్పు కళ్లకు కనబడేలా చిన్న సేకరణ చేయాలనుంది, ఎక్కువ డబ్బు పెట్టలేరు, మొదటి చక్రవర్తి ఆగస్టస్‌తో మొదలుపెట్టాలా అని.

ఆగస్టస్‌తో వద్దండి. గాలియెనస్‌తో మొదలుపెట్టండి.

నేను ఇంగ్లాండ్‌లో ఉంటాను. చాలా ఏళ్లుగా ఈ ఒక్క విషయం మీదే నాణేలు కొంటున్నాను. ఎవరు అడిగినా ముందు గాలియెనస్ పేరే చెప్తాను. ఎందుకంటే ఒకే చక్రవర్తి, ఒకే రకం నాణెం, క్రీ.శ. 253 నుంచి 268 దాకా పదిహేనేళ్ల పాలన. మొదట్లో ఆ నాణెంలో చెప్పుకోదగ్గంత వెండి ఉండేది, చివరికి నూటికి రెండు మూడు పాళ్లకు పడిపోయింది. పాతది ఒకటి, చివరిది ఒకటి కొని పక్కపక్కన పెడితే చాలు, ఇంక ఎవరూ వివరించక్కర్లేదు. పైగా రెండూ చవకే.

ఆ నాణెం పేరు ఆంటోనినియానస్. 215లో కారకల్లా తెచ్చాడు. బొమ్మ వైపు చక్రవర్తి తల మీద సూర్యకిరణాల కిరీటం ఉంటుంది, దాన్ని బట్టి గుర్తుపట్టొచ్చు. విలువ రెండు డినేరియస్‌లని (డినేరియస్ అంటే రోమన్ల పాత వెండి నాణెం) చాలామంది పండితుల అభిప్రాయం. అందులో వేసిన వెండి మాత్రం ఒకటిన్నర డినేరియస్‌ల పాటిదే. అంటే పుట్టుకతోనే కోత.

ఖర్చు ఎక్కడికి పోయిందంటే ప్రధానంగా సైన్యానికే. ఆగస్టస్ కాలంలో లీజియన్ (రోమన్ సైనిక దళం) సైనికుడి జీతం ఏడాదికి 225 డినేరియస్‌లు. తర్వాతి చక్రవర్తుల్లో డొమిషియన్ దాన్ని 300 చేశాడు. సెప్టిమియస్ సెవెరస్ ఇంకా పెంచాడు, ఆయన కొడుకు కారకల్లా మళ్లీ పెంచాడు. కొత్త గనులు లేవు, ఉన్న వెండికే రాగి కలిపి ఎక్కువ నాణేలు కొట్టారు. 260లో గాలియెనస్ తండ్రి వలేరియన్ పర్షియా రాజు షాపూర్‌కు బందీగా చిక్కాడు. అదే సమయంలో పడమర గాల్ ప్రాంతం విడిపోయి సొంత చక్రవర్తిని పెట్టుకుంది. ఆదాయం తగ్గింది, యుద్ధాలు తగ్గలేదు. నాణెం కూలిపోయింది అక్కడే.

గాలియెనస్ చివరి రోజుల్లో రోమ్ టంకశాల జంతువుల బొమ్మలతో ఒక వరుస నాణేలు తెచ్చింది. బొరుసు వైపు వేట దేవత డయానాకు జింక, మద్యం దేవుడు లిబర్‌కు చిరుత, అపోలో దేవుడికి సెంటార్ (సగం మనిషి, సగం గుర్రం), ఇలా ఒక్కో దేవతకు సంబంధించిన జంతువులు. చక్రవర్తిని కాపాడమని చేసిన మొక్కులవి. నా దగ్గరున్న జింక నాణెం అంచు గుండ్రంగా లేదు. అచ్చు పక్కకు జరగడంతో డయానా పేరు సగం నాణెం బయటికి పోయింది. ఒళ్లంతా రాగి రంగే, అక్షరాల సందుల్లో మాత్రం తెల్లటి వెండి పూత ఇంకా అంటుకుని ఉంది. నా సేకరణ మొత్తంలో నాకు ఇష్టమైన నాణెం అదే.

దయచేసి అలాంటివాటిని కడగడం, రుద్దడం, నిమ్మరసంలో వేయడం చేయకండి. కథంతా ఆ పూతలోనే ఉంది. ఒకసారి పోతే మళ్లీ రాదు.

గాలియెనస్ జత దొరికాక అంతకుముందు చక్రవర్తుల వైపు వెళ్లండి. మూడో గోర్డియన్ (238–244) ఆంటోనినియానస్ చాలా సులువుగా దొరుకుతుంది, చేతిలో పెట్టుకుంటే వెండి నాణెంలాగే ఉంటుంది. డెసియస్ (249–251) కాలంలో పాత డినేరియస్‌ల మీదే కొత్త అచ్చు కొట్టి ఆంటోనినియానస్‌లుగా మార్చినవి ఉన్నాయి. కొన్నింటి మీద పాత చక్రవర్తి గడ్డమో, రెండు మూడు అక్షరాలో లీలగా కనిపిస్తాయి. అలాంటిది ఒక్కటి దొరికినా వదలకండి. ఆ తర్వాత సెప్టిమియస్ సెవెరస్ డినేరియస్. 194–195 నాటికే అందులో సగం రాగి ఉంది, చూపుకు మాత్రం తెలియదు. ఇంకా ముందటి చక్రవర్తి నీరో నాణేలు ఖరీదెక్కువ, తొందరపడొద్దు. ఆయన 64లో ఒక రోమన్ పౌండు బరువు వెండికి 84 డినేరియస్‌లకు బదులు 96 కొట్టించాడు, వన్నె (వెండి పాలు) కూడా తగ్గించాడు.

శాతాల గురించి ఒక మాట. పుస్తకానికీ పుస్తకానికీ అంకెలు తేడాగా ఉంటాయి, కంగారు పడకండి. టంకశాలలో నాణెం బిళ్లను కాల్చి ఆమ్లంలో వేస్తే పై పొరలో రాగి కరిగిపోయి వెండి మిగులుతుంది. అందుకే పైపైన ఎక్స్‌రేతో కొలిస్తే వెండి ఎక్కువ చూపిస్తుంది. లోపలి దాకా సన్నగా తొలిచి కొలిచినప్పుడే అసలు లెక్క తేలుతుంది. అమ్మేవాడు మెషిన్ రీడింగ్ చూపించి ధర పెంచితే నమ్మొద్దు.

ఇంకోటి, లోపల రాగి ముక్క పెట్టి పైన వెండి రేకు చుట్టిన డినేరియస్‌లు కూడా అమ్మకానికి వస్తాయి. అవి ఎక్కువగా ఆ కాలపు దొంగ నాణేలు. ప్రభుత్వం వెండి తగ్గించిన కథలో వాటిని కలపకండి.

ఇక్కడ సోమర్సెట్‌లో 2010లో ఫ్రోమ్ దగ్గర ఒకే కుండలో 52,503 నాణేలు బయటపడ్డాయి. చాలా వరకు మనం మాట్లాడుకుంటున్న ఈ చవక నాణేలే. వాటి మధ్య కరౌసియస్ కొట్టించిన మంచి వెండి డినేరియస్‌లు ఐదు ఉన్నాయి. బ్రిటన్‌లో తిరుగుబాటు చేసి చక్రవర్తినని ప్రకటించుకున్నవాడు ఆయన. మేలిమి వెండి నాణెం కొట్టడం జనానికి నమ్మకం కలిగించే పని అని ఆయనకు బాగా తెలుసు.

మన వైపు కూడా ఇదే కథకు సాక్ష్యం ఉంది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నిధి ఆగస్టస్, ఆయన తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌ల నాణేలదే. దక్షిణ భారతంలో దొరికే రోమన్ వెండి ఎక్కువగా ఈ ఇద్దరిదే, నీరో వన్నె తగ్గించిన తర్వాతవి అరుదు.

మీరు ఇండియాలో ఉంటే పొలంలో దొరికిందని ఎవరైనా తెచ్చిచ్చేవి కొనకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం అలా దొరికింది కలెక్టర్‌కు తెలియజేయాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. ఎక్కడ కొన్నా రసీదు, అంతకుముందు ఎవరి దగ్గర ఉందో రాసిన కాగితం అడిగి తీసుకోండి, నాణెంతో పాటే దాచండి.